కందకము ఎచ్చట త్రవ్వవలెను?

యుద్ధచరిత్రలు సాధారణముగా సేనాధిపతుల పేళ్లతో ప్రారంభమగును. పటములపై గీసిన పెద్ద బాణపుగుర్తులు, ఇరుపక్షముల సైన్యసంఖ్యలు, సంధిపత్రముల తేదీలు ఆ గ్రంథములందు విరివిగా కానవచ్చును. కాని ఆ బాణపుగుర్తు మొనయందు నిజముగా నడచువారు ముప్పదిమంది సిపాయిలు. వారికి ముందు నడచువాడు తరచుగా ఇరువది రెండేండ్లో, ఇరువది మూడేండ్లో నిండిన యువకుడు. ఆ యువకుని ఆలోచనకు చరిత్రలో దొరకిన చోటు మిక్కిలి తక్కువ. ఈ వ్యాసము వానిని గూర్చినది.

పదాతిదళమున సుమారు పదిమంది సిపాయిలు ఒక సెక్షన్. మూడు సెక్షన్లు ఒక ప్లటూన్. మూడు ప్లటూన్లును, కంపెనీ ముఖ్యస్థానపు సిబ్బందియు కలిసి ఒక కంపెనీ; అనగా సుమారు నూట ఇరువదిమంది. ప్లటూన్‌కు లెఫ్టినెంటో, సుబేదారో నాయకుడు. కంపెనీకి మేజరు నాయకుడు. సేనను ఇట్లు చిన్నచిన్న భాగములుగా విభజించుట మనకు క్రొత్త కాదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున పదవ అధికరణమునందు పది సేనాంగములకు ఒక పదికుని, పదిమంది పదికులపై ఒక సేనాపతిని, పదిమంది సేనాపతులపై ఒక నాయకుని చెప్పియున్నాడు. అయితే ఆ శాస్త్రము రాజునకు చెప్పినది. వ్యూహము పన్నువాడు వేరు, వ్యూహములో నిలువబడువాడు వేరు. పదికుడు తనంతట తాను ఏమి ఆలోచింపవలెనను ప్రశ్న ఆ కాలమున పుట్టలేదు. ఆ తరువాత రెండువేల సంవత్సరముల వరకును సరిగా పుట్టలేదు.

ఇప్పుడు ఆ ప్రశ్నకు శిక్షణాలయములలో చెప్పు సమాధానము చాల సరళముగా కనబడును. పైనుండి ఆజ్ఞ రాగానే దళనాయకుడు ముందుగా తనవారికి ఒక హెచ్చరిక పంపవలెను; వారు తుపాకులు తుడుచుకొని, నీళ్లు నింపుకొని సిద్ధపడుచుండగా తాను పోయి నేలను స్వయముగా చూడవలెను. శత్రువు ఏ దారిని రాగలడు, తనకున్న ఆయుధములు ఎంతదూరము పనిచేయును, చీకటి పడుటకు ఎంత వ్యవధి యున్నది అని లెక్క వేసికొనవలెను. పిదప తనవారిని కూర్చుండబెట్టి, నేలపై మట్టితో నమూనా చేసి, పరిస్థితి ఇది, పని ఇది, చేయు పద్ధతి ఇది, తిండియు మందుగుండును వచ్చు మార్గమిది, నేను పడిపోయినచో నాయకుడు వీడు అని వరుసగా చెప్పవలెను. ఉన్న వ్యవధిలో మూడవవంతుకు మించి తాను వాడుకొనరాదు. మిగిలిన రెండు వంతులును క్రిందివారివి. మనలో దస్త్రములతో నిత్యము మెలగువారు ఈ కడపటి సూత్రమును ఒక్క నిమిషము మనస్సున నుంచుకొందురుగాక. పదిరోజుల గడువుగల కాగితము పై బల్లలమీద తొమ్మిదిరోజులు నిద్రించి, పదవనాటి సాయంకాలము గుమాస్తా చేతికి వచ్చుట మనమెరుగని విషయము కాదు. యుద్ధభూమిలో అట్టి ఆలస్యమునకు వచ్చు జవాబు మెమో రూపమున నుండదు.

ఇంత సరళమైన విషయమును సైన్యములు నేర్చుకొనుటకు చాల రక్తము వ్యయమైనది. పదునెనిమిదవ శతాబ్దపు యుద్ధమున చిన్న నాయకునకు ఆలోచనతో పనియే లేదు. నాటి తుపాకి నూరుగజములు దాటినచో గురి తప్పును. కావున సిపాయిలను భుజము భుజమునకు ఆనించి వరుసలుగా నిలిపి, ఒక్క కేకతో ఒక్కసారి కాల్పించుటయే యుద్ధము. కంపెనీ అధికారి చేయవలసినది వరుస వంకరపోకుండ చూచుట. ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రాంతమున ఈ కవాతు నేర్పిన సిపాయిలను క్లైవు వంగదేశమునకు కొనిపోగా అచ్చటివారు వారిని తెలింగాలనిరి. క్రమముగా ఆ మాట ఏ ప్రాంతపు సిపాయికైనను వర్తించునట్లు ఉత్తరదేశమున నిలిచిపోయినది. 1857లో ఢిల్లీ వీథులలో తిరిగిన సిపాయిలను పురజనులు తిలంగాలనియే పిలిచిరి. వారిలో హెచ్చుమంది అవధు, బీహారు ప్రాంతములవారు. మన జాతి పేరు హిందూస్థానమున కవాతు సిపాయికి పర్యాయపదమైనందుకు గర్వింపవచ్చును గాని, ఆ పేరుతోబాటు అంటియున్న భావమును గూడ గుర్తింపవలెను. తిలంగా అనగా ఆజ్ఞ పాలించువాడు. ఆలోచించుట వాని పని కాదు.

పందొమ్మిదవ శతాబ్ది చివర తుపాకి మారినది. పొగరాని మందు వచ్చినది; ఒకదాని వెంట ఒకటిగా గుండ్లు కాల్చు మాగజైను రైఫిల్ వచ్చినది. శత్రువు వేయిగజముల దూరమునుండి, ఎచ్చట నున్నాడో తెలియకుండ, కాల్చగలుగుచున్నాడు. భుజము భుజమునకు ఆనించి నిలుచుట ఇక ఆత్మహత్యయే. సిపాయిలు విడివిడిగా, నేలను అంటిపెట్టుకొని పోవలెను. అట్లు పోయినచో జనరలు కేక వారికి వినబడదు. వినబడునది ప్రక్కనున్న చిన్న నాయకుని కేక. మార్పు ఇంతమాత్రమే, కాని దాని ఫలితము అపారము. దీనిని గ్రహింపని బ్రిటిషు సైన్యము 1899లో దక్షిణాఫ్రికాలో బోయరు రైతులతో యుద్ధమునకు దిగినది. బోయర్లకు కవాతు లేదు. తమ అధికారులను తామే ఎన్నుకొను గుర్రపురౌతులు వారు. చేతిలో మౌజరు రైఫిల్, కంటిలో వేటగాని చూపు.

1900 జనవరి 23వ తేదీ రాత్రి నేటాల్ ప్రాంతమున టుగేలా నదికి ఉత్తరముననున్న స్పయన్ కోప్ అను కొండపైకి సుమారు 1,700 మంది బ్రిటిషు సిపాయిలు ఎక్కిరి. ముట్టడిలో చిక్కిన లేడీస్మిత్ పట్టణమును విడిపించుటకు ఆ కొండ కీలకమని జనరల్ బులర్ పక్షమువారి తలంపు. చీకటిలో, పొగమంచులో, బోయర్ల చిన్న కాపలాదళమును తరిమివేసి కొండను పట్టుకొనిరి. అంతవరకు పని చక్కగా జరిగినది. ఇక కందకము త్రవ్వవలెను. తెచ్చుకొన్న గునపములు ఇరువది, పారలు ఇరువది. ఇసుకబస్తాలు కొండ క్రిందనే ఉండిపోయినవి. నేల రాతినేల. అయినను త్రవ్విరి, మోకాలి లోతైనను రాలేదు.

లోతు కంటె పెద్ద లోపము చోటు విషయమున జరిగినది. కొండ నెత్తిన నున్నది చదునైన నేల. పొగమంచులో ఆ చదును నడుమ ఒక గీత గీసి, ఇదియే కొండ అంచు అనుకొని, అచ్చట త్రవ్విరి. ఉదయము ఎనిమిది గంటల ప్రాంతమున మంచు విడిపోయినది. అప్పుడు చూడగా నిజమైన అంచు చాల గజముల ముందున్నది. అంచునకు అవతల వాలు కందకములోనివారికి కనబడదు. ఆ మరుగున బోయర్లు ఎక్కి రావచ్చును. అంతకంటె ఘోరమేమన, కుడివైపున అలో నాల్ అను చిన్న గుట్టయున్నది. అచ్చటినుండి కాల్చినచో గుండు కందకము పొడవునా పోవును. ఆ గుట్టపైకి బోయర్లు చేరిరి. చుట్టునున్న మిగిలిన గుట్టలనుండి లూయీ బోథా ఫిరంగులు మ్రోగినవి. దండును నడిపిన జనరల్ వుడ్‌గేట్ ఉదయముననే ప్రాణాంతకముగా గాయపడెను. సాయంత్రమువరకు ఆ చిన్న చదునుపై జరిగిన మారణహోమమును వర్ణించుటకు నాకు మనసొప్పదు. కందకమున చనిపోయిన లాంకషైర్ సిపాయిలలో పలువురికి గుండు తల కుడివైపున తగిలియుండెనను ఒక్క విషయము చాలును. వారు ముందుకు చూచుచుండిరి. చావు ప్రక్కనుండి వచ్చినది.

నాటి రాత్రి కొండపై అధికారము చేపట్టియున్న కర్నల్ థార్నీక్రాఫ్ట్ తనవారిని దించివేసెను. అదే రాత్రి బోయర్లును ఓడితిమని తలచి చాలమంది వెడలిపోయిరి. తెల్లవారి చూడగా కొండపై శవములు తప్ప ఎవరును లేరు. బోయర్లు తిరిగి ఎక్కి దానిని ఆక్రమించుకొనిరి. బ్రిటిషుపక్షమున ఆ కొండపై మడిసినవారు రెండువందల నలుబదికి పైబడియుందురు. త్రవ్విన కందకమునందే వారిని పూడ్చిరి. నేటికిని అది అచ్చట పొడుగాటి సమాధిగా నిలిచియున్నది.

ఈ కొండతో మనకొక సంబంధము కలదు. గాంధీగారు నేటాల్‌లో సమకూర్చిన భారతీయ క్షతగాత్రసేవాదళము స్పయన్ కోప్ యుద్ధమున గుండ్లు పడుచోటికి పోయి గాయపడినవారిని డోలీలపై మోసినది. ఆ దళమున 1,100 మంది యుండిరనియు, వారిలో సుమారు 300 మంది స్వతంత్రులు, మిగిలినవారు ఒప్పందపు కూలీలనియు గాంధీగారు వ్రాసియున్నారు. వుడ్‌గేట్‌ను మోసినదియు ఈ దళమే. 1860 మొదలు మద్రాసు రేవునుండి నేటాల్ చెరకుతోటలకు పోయిన కూలీలలో తమిళులతోబాటు మన తెలుగువారును అనేకులు. రోజునకు ఇరువది, ఇరువదియైదు మైళ్లు నడచి డోలీలు మోసిన ఆ భుజములలో గోదావరి, విశాఖ మండలముల భుజములు ఎన్ని యుండెనో ఎవరును లెక్క వ్రాయలేదు. ఎవరో గీసిన తప్పు గీతకు మూల్యమును ఎవరో మోయుట యుద్ధమున సర్వసాధారణము.

తప్పు ఎవరిదని బ్రిటనులో పెద్ద విచారణలు జరిగినవి. జనరలులు ఒకరిపైనొకరు నెట్టుకొనిరి. ఆ రభసకు దూరముగా ఒక ఇంజనీరు అధికారి వేరొక ప్రశ్న వేసికొనెను. జనరలు మాట అటుంచి, యాభైమందితో ఒంటరిగా విడువబడిన లెఫ్టినెంటు ఏమి తెలిసికొని యుండవలెను? ఆ అధికారి పేరు ఎర్నెస్ట్ డన్‌లప్ స్వింటన్. 1868లో బెంగుళూరున జన్మించినవాడు. బోయరు యుద్ధమున రైలువంతెనల పనిలో పాల్గొనెను. 1904లో మారుపేరుతో ఆయన ప్రకటించిన చిన్న పుస్తకము పేరు ‘ది డిఫెన్స్ ఆఫ్ డఫర్స్ డ్రిఫ్ట్’. డ్రిఫ్టు అనగా నదిని బండ్లు దాటు రేవు. డఫర్ అనగా మందమతి. మందమతి రేవును కాపాడుట యని మనము చెప్పుకొనవచ్చును.

కథ చిత్రమైనది. ఒక యువ లెఫ్టినెంటు అలసి, కడుపునిండ తిని నిద్రపోయి, ఆరు కలలు కనును. ప్రతి కలలోను పని ఒక్కటే: యాభైమందితో ఆ రేవును నిలుపవలెను. ప్రతి కలలోను నేలయు ఒక్కటే. ముందటి కలలోని సంగతులు మరచిపోవును గాని, అందు నేర్చిన పాఠములు మాత్రము మనస్సున నిలుచును. మొదటి కలలో అతడు డేరాలు వేయించి, కందకము రేపు త్రవ్వుదమని నిర్ణయించును. శత్రువు ఉత్తరమునుండియే వచ్చునని అతని నమ్మకము. ఏలయన ఉత్తరమే ‘ముందువైపు’. దగ్గరి పొలములోని రైతులు గ్రుడ్లును వెన్నయు అమ్మవచ్చి శిబిరమంతయు తీరుబడిగా చూచి పోవుదురు. తెల్లవారుజామున దాడి. తరువాతి కలలో కందకము త్రవ్వించును గాని, శత్రువు వెనుకనుండి వచ్చును. ఒక కలలో నలువైపులకు ముఖమున్న కందకము త్రవ్వించును. ఆ క్రొత్తమట్టి ఎర్రగా మైళ్ల దూరమునకు కనబడగా ఫిరంగులు దానిని వెదకికొనును. ఇట్లు ఒక తప్పును దిద్దిన వెంటనే ఆ దిద్దుబాటులోనుండి మరియొక తప్పు పుట్టుచుండును. నా దృష్టిలో ఈ పుస్తకపు గొప్పతనమంతయు ఇచ్చటనే యున్నది. సూత్రముల జాబితా ఎవరైనను వ్రాయవచ్చును. సూత్రములను అక్షరాల పాటించియు ఎట్లు ఓడిపోవచ్చునో చూపుట కష్టము.

ఆరవ కలలో లెఫ్టినెంటు అందరును ఎంచుకొను ఎత్తైన చోటును వదలి, శత్రువు రాదలచిన దారిలో నిలబడి, తన శిబిరమువైపు శత్రువు కన్నులతో చూచును. ఏ చోటు చూడగానే ‘ఇచ్చట కాపలా యుండును’ అని తోచునో, అచ్చట నుండరాదని గ్రహించును. తనవారిని నదిగర్భమున, ఒడ్డుల మాటున, ఎవరికిని తోచని చోట దాచును. త్రవ్విన మట్టి కనబడదు, తలలు కనబడవు. శత్రువు నిర్లక్ష్యముగా దగ్గరకు వచ్చినప్పుడు కాల్పులు మొదలగును. సహాయదళము వచ్చువరకు రేవు నిలుచును. అతడు నేర్చిన పాఠములు మొత్తము ఇరువదిరెండు. వానిలో ఒక్కటియు వీరత్వమును గూర్చినది కాదు. పారను గూర్చి, నేలను గూర్చి, చూపును గూర్చి, పొరుగువాని నోటిని గూర్చి చెప్పినవి. పలుదేశముల సైనికశిక్షణాలయములు ఈ చిన్న పుస్తకమును నూరేండ్లు దాటినను చదివించుటలో ఆశ్చర్యము లేదు.

పుస్తకము వచ్చినంతమాత్రమున సైన్యము మారలేదు. బ్రిటిషు బెటాలియన్‌లోని ఎనిమిది కంపెనీలను నాలుగుగా చేసి, ఒక్కొక్క కంపెనీలో నాలుగేసి ప్లటూన్లను ఏర్పరచుట 1913లో జరిగినది. ఫ్రాన్సు కందకములలో లక్షలమంది మడిసిన పిమ్మట, 1917 ఫిబ్రవరిలో, ప్లటూన్‌కు ప్రత్యేకమైన శిక్షణపుస్తకము వెలువడినది. రైఫిల్‌వారు, లూయిస్ తుపాకివారు, చేతిబాంబులవారు, రైఫిల్‌తో బాంబులు విసరువారు అని నాలుగు సెక్షన్లు చేసి, ఈ నాలిగింటిని కలిపి నడిపించుట ప్లటూన్ నాయకుని పని యని అందు నిర్ణయించిరి. అనగా లెఫ్టినెంటు చేతిలో ఒక చిన్న సైన్యమునే పెట్టిరి. అప్పుడు గాని వాని ఆలోచనకు విలువ ఏర్పడలేదు.

మరి భారతసైన్యమున? ఇచ్చట ప్లటూన్లను నడిపినవారు మొదటినుండి మన సుబేదారులు, జమేదారులే. కొండలను, వాగులను, శత్రువు వాలకమును వారు ఎరిగినంతగా క్రొత్తగా ఓడ దిగిన అధికారి ఎరుగడు. అయినను ముప్పదియేండ్లు నౌకరిచేసిన సుబేదారుకంటె నిన్న వచ్చిన బ్రిటిషు సబాల్టర్న్ పైవాడు. భారతీయునకు పూర్తి అధికారిపదవి తలుపు 1918లో గాని తెరచుకొనలేదు. అదియు శాండ్‌హర్స్ట్‌లో ఏటికి పది చోట్లు మాత్రమే. డెహ్రాడూన్‌లో భారతసైనిక విద్యాలయము 1932 అక్టోబరు 1వ తేదీన నలుబదిమంది విద్యార్థులతో ప్రారంభమైనది. అందుండి వెలువడిన యువకులను కొన్ని ప్రత్యేక పటాలములకే పంపి, సుబేదారులకు బదులుగా ప్లటూన్లపై నియమించిరి. ఆ యువకులలో కొందరు దీనిని అవమానముగా తలచిరి. బ్రిటిషు సబాల్టర్న్‌కు తగిన హోదా తమకు దక్కలేదని వారి బాధ. ఆ బాధ న్యాయమైనదే. అయినను ముప్పదిమందితో పగలును రాత్రియు గడపి నేలను చదువుట నేర్చిన ఆ తరము, 1947 తరువాత కంపెనీలను, పటాలములను నడపవలసి వచ్చినప్పుడు, ఆ విద్య వృథాపోలేదు.

స్వతంత్రభారతమున ఈ విద్యకు కఠోరపరీక్షలు రెండింటిని చెప్పెదను. వానిలో మొదటిదానికి ఫలితము మరణము.

1962 నవంబరు 18వ తేదీ తెల్లవారుజామున లడఖ్‌లో, చుషూల్‌కు ఆగ్నేయముననున్న రెజాంగ్ లా కనుమపై, 13వ కుమావూను పటాలమునకు చెందిన చార్లీ కంపెనీ నిలిచియుండెను. హర్యానా ప్రాంతపు అహీరులు, సుమారు నూట ఇరువదిమంది. నాయకుడు మేజర్ షైతాన్ సింగ్. ఎత్తు పదునారువేల అడుగులకు పైమాట. చలిబట్టలు చాలవు, రైఫిళ్లు పాతకాలపువి, మందుపాతరలు లేవు. అన్నిటికంటె పెద్ద లోటు, నడుమ ఒక శిఖరము అడ్డుగా నుండుటవలన మన ఫిరంగుల సహాయము ఆ కనుమకు అందదు. ఈ సంగతి మేజరునకు ముందే తెలియును. తెలిసియే తన మూడు ప్లటూన్లను ఎచ్చటెచ్చట నుంచవలెనో తానే తిరిగి నిర్ణయించెను. శత్రువు పైకి రాగల వాగులు ఏవో, వానిపై ఏ తుపాకి చూపు పడవలెనో చూచుకొనెను.

ఆ చూచుకొన్న ఫలితము మొదటి దాడిలో కనబడినది. వాగుల వెంట ఎక్కివచ్చిన చైనాదళములు మన తుపాకుల కెదురుగా వచ్చి కూలినవి. ఎదురుగా రాలేమని తెలిసికొని, వారు ఫిరంగులతోను మోర్టార్లతోను కందకములను నలుగగొట్టి, ప్రక్కలనుండియు వెనుకనుండియు ఎక్కిరి. మేజరు ఒక ప్లటూన్‌నుండి మరియొక ప్లటూన్‌కు బహిరంగముగా తిరుగుచు గాయపడెను. తన్ను మోసికొనిపోవుచున్నవారిని వదలి పొమ్మని చెప్పెను. ఆ కంపెనీలో నూటపదిమందికి పైగా మరణించిరి. 1963 ఆరంభమున మంచు నడుమ వారి దేహములు దొరకినవి. పలువురు కందకములలోనే, చేతులలో ఆయుధములతో, ఎట్లు నిలిచిరో అట్లే యుండిరి. మేజరునకు పరమవీరచక్రము మరణానంతరము లభించినది.

ఇచ్చట ఒక మాట నిష్కర్షగా చెప్పవలెను. ఆ వీరగాథను మనము సభలలో చెప్పుకొనునప్పుడు త్యాగమును మాత్రమే పొగడి ఊరకుందుము. ఆ కనుమపై చిన్న నాయకుని ప్రణాళికలో లోపము నాకు కనబడదు. ఫిరంగి అందకపోవుట, మందుపాతర లేకపోవుట, చలిబట్ట చాలకపోవుట ఇవి మేజరు దిద్దగల విషయములు కావు. క్రింది నాయకుని బుద్ధికుశలత పైవారి లోటును పూడ్చునను భ్రమ పైవారికి చాల సుఖకరమైనది. రెజాంగ్ లా ఆ భ్రమకు సమాధానము.

రెండవ పరీక్ష జరిగిన చోటు ఎడారి. 1971 డిసెంబరు 4వ తేదీ రాత్రి రాజస్థాన సరిహద్దున లోంగేవాలా కాపలాస్థానమున 23వ పంజాబు పటాలపు ఆల్ఫా కంపెనీ యుండెను. నాయకుడు మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురీ. వారును సుమారు నూట ఇరువదిమందియే. స్థానము ఇసుకదిబ్బ యెత్తుపై నున్నది. చుట్టును మెత్తని ఇసుక. సరిహద్దువైపు పంపిన చిన్న పహరాదళమునకు నాయకుడు సెకండ్ లెఫ్టినెంట్ ధరమ్‌వీర్. వెన్నెలలో వారికి మొదట వినబడినది టాంకుల చప్పుడు. ఆ వార్త అందగానే మేజరు ముందున్న మార్గములు రెండు: నిలుచుటయో, రామ్‌గఢ్‌వైపు వెనుదిరుగుటయో. నిర్ణయమును పైవారు ఆయనకే విడిచిరి. వెనుదిరుగుటకు బండ్లు లేవు. కాలినడకన, తెరపియైన ఇసుకలో, వెన్నెలలో, వెనుక టాంకులు వచ్చుచుండగా నూరుమంది ఎంతదూరము పోగలరు? దిబ్బపై త్రవ్విన గుంటలు ఉన్నవి, ఎత్తు ఉన్నది, జీపుపై అమర్చిన టాంకువిధ్వంసక తుపాకి ఉన్నది. ఆయన నిలుచుటకే నిశ్చయించెను. దీనిని కేవలము తెగువ యనుట ఆ మేజరు బుద్ధిని తక్కువ చేయుటయే. ఆ లెక్కలో నిలుచుటయే క్షేమము.

దారిపై కొన్ని మందుపాతరలను త్వరత్వరగా పాతిరి. అర్ధరాత్రి దాటిన పిమ్మట ఫిరంగులతో దాడి మొదలైనది. మేజరు తనవారిచే వెంటనే కాల్పింపలేదు. టాంకులు మిక్కిలి దగ్గరకు రానిచ్చి కాల్పించెను. స్థానము చుట్టు కట్టిన ముండ్లతీగను చూచి, దాని ముందు మందుపాతరల పొలమున్నదని పాకిస్తాను పదాతులు ఆగిపోయిరి. పాతరలను వెదకు ఇంజనీర్లు వచ్చి చూడగా అచ్చట ఏమియు లేదు. కాని విలువైన వ్యవధి గడచిపోయినది. రహదారి విడిచి చుట్టి రాబోయిన టాంకులు మెత్తని ఇసుకలో దిగబడినవి. తెల్లవారగానే జైసల్మేరునుండి హంటర్ విమానములు వచ్చినవి. వానికి రాత్రి యుద్ధము చేయు సాధనములు లేవు. అందుచేత తెల్లవారువరకు నిలుచుటయే సమస్తము. దాడికి వచ్చినవారు ముప్పదికి పైగా టాంకులను ఆ ఇసుకలో పోగొట్టుకొనిరి.

ఆ టాంకులను మొట్టమొదట ఊహించినవారిలో ఒకడు స్వింటనే యనునది విచిత్రము. 1914లో ఆయన చేసిన సూచన 1916లో ఫ్రాన్సు రణరంగమున ఇనుపబండి రూపము దాల్చినది. కందకమున దాగుట లెఫ్టినెంట్లకు నేర్పినవాడే కందకములను దాటు బండికి మూలపురుషులలో ఒకడయ్యెను. లోంగేవాలాలో ఆయన రెండు ఆలోచనలును ఎదురెదురుగా నిలిచినవి.

విజయము సైన్యమునదా, వాయుసేనదా యని ఆ పోరాటమును గూర్చి తరువాత చాలకాలము వాదములు జరిగినవి. టాంకులను హెచ్చుగా నాశనము చేసినవి విమానములే యనుటలో సందేహము లేదు. కాని విమానములు రాగలిగినది సూర్యోదయము తరువాత. అర్ధరాత్రికిని సూర్యోదయమునకును నడుమనున్న గంటలు ఆ దిబ్బపైనున్న గుంటలలోనివారివి. మహావీరచక్రము పొందిన చాంద్‌పురీ బ్రిగేడియరు హోదాతో విరమించి, 2018 నవంబరులో పరమపదించెను. ఆ స్థానమున నేడు యుద్ధస్మారకమున్నది. అచ్చటికి పోవువారు ఇసుకలో చిక్కిన టాంకులను చూచి ఛాయాచిత్రములు తీసికొందురు. గుంటలలోనికి దిగి, అందుండి తల యెత్తి దారివైపు చూచువారు తక్కువ.